గడప బయట విడిచిన చెప్పులు

నేను కడప జిల్లాలో మగ్గం నేసుకునే మనిషిని. మా వీధిలో పట్టునూలు పోయిందని కిందటేడు పోలీసులు నన్ను పట్టుకెళ్లారు. దొంగతనం ఒప్పుకోమని అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. మరునాడు కోర్టు మెట్లెక్కుతుంటే కానిస్టేబుల్ నా చెవిలో, "జడ్జమ్మ అడిగితే ఎవురూ కొట్టలేదని చెప్పు. మళ్లా మా కాడికే వస్తావు, గుర్తు పెట్టుకోప్పా" అన్నాడు.

గుడికి వెళ్లినట్టే చెప్పులు గడప బయట విడిచి లోపలికి వెళ్లాను.

"పోలీసులు కొట్టారా?" అని జడ్జిగారు అడిగారు.

"లేదమ్మా, శానా బాగా చూసుకున్యారు" అన్నాను.

ఆమె రాయబోయి ఆగారు. అరికాళ్లు నేలకు ఆనించలేక నేను పాదాల అంచుల మీద నిలబడి ఉన్నాను.

"చెప్పులేవి?"

"బయట ఇడిచినానమ్మా."

ఆమె పోలీసులందరినీ బయటికి పంపేసి, "ఇప్పుడు కాలు ఎత్తి చూపించు" అన్నారు. కమిలి నల్లబడిన అరికాలు చూపిస్తూ ఏడ్చేశాను. డాక్టరుతో గాయాలన్నీ రాయించమని ఉత్తర్వు ఇచ్చి, నన్ను బెయిలు మీద వదిలారు.

ఇప్పటికీ మగ్గం తొక్కితే పాదాలు సలుపుతాయి. ఖాకీ బట్టలు కనబడితే పక్క సందులోకి తిరిగిపోతాను. స్టేషన్‌లో ఎంత మొత్తుకున్నా నా నిజాన్ని ఎవరూ నమ్మలేదు. ఆ తల్లి నా అబద్ధాన్ని నమ్మలేదు కాబట్టే ఇంటికొచ్చాను.