చెల్లాయిని ఏడిపించకూడదు

పసిపిల్లల ఏడుపు వినిపిస్తే ఈ వయసులోనూ నా కాళ్ళు ఆగవు. మొన్న తెనాలిలో, మా పక్కవాటాలో, కిందటేడు గుండె ఆపరేషన్ అయిన చంటిది బిస్కెట్టు కోసం కాళ్ళు నేలకేసి కొడుతూ గుక్కపట్టి ఏడుస్తుంటే, పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. వాళ్ళమ్మ నవ్వేసింది. "ఏడవనీయండి పిన్నిగారూ! ఇప్పుడేం కాదన్నారండి డాక్టరుగారు."

మా చెల్లాయికి ఆ భాగ్యం ఎక్కడిది! మేం రేపల్లెలో ఉన్న రోజుల్లో దానికి గుండెలో చిల్లుందని తేలింది. కాస్త పెద్దయ్యాక పట్నంలో ఆపరేషన్ చేయించాలి, అందాకా ఏడవనివ్వకండి అన్నారట. ఏడిస్తే పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడేవి, ఊపిరి అందేది కాదు. అందుకని ఇంట్లో దాని మాటే వేదం. నా లక్కపిడతలు అడిగితే ఇచ్చేసేదాన్ని, గాలిపటం అడిగితే అన్నయ్య మూతి ముడుచుకునైనా ఇచ్చేవాడు, అమ్మకు కోపమొస్తే పెరట్లోకెళ్ళి అంట్లగిన్నెల మీద చూపించేది. రాక్షసి, అంతా తెలుసు దానికి! పెదవి విరిచి మా వంక చూసేది. మేం హడలిపోయి అడిగింది చేతిలో పెట్టగానే కిసుక్కున నవ్వేది.

ఒకసారి నాన్న మమ్మల్ని బాపట్ల సముద్రానికి తీసుకెళ్ళారు. చెల్లాయి అల వెంట నాలుగడుగులు పరుగెత్తి, ఆయాసమొచ్చి, ఇసుకలో గొంతుక్కూర్చుంది. అలా కూర్చుంటే ఊపిరి అందుతుందని దానికి ఎవరూ నేర్పలేదు. అది చిన్నబుచ్చుకోకూడదని అన్నయ్యా నేనూ కూడా పక్కనే గొంతుక్కూర్చున్నాం, అదే ఆటన్నట్టు. వచ్చే వేసవిలో ఆపరేషన్ చేయిస్తానమ్మా, అప్పుడు ఎంత దూరమైనా పరుగెత్తుదువుగాని అన్నారు నాన్న.

ఆ వేసవి దాకా అది ఉండలేదు. అది పోయిన రోజున అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, పైకి వినిపిస్తే పిల్ల ఎక్కడ బెదురుతుందో అన్నట్టు. తర్వాత మాకు అడ్డేముంది, అన్నయ్యా నేనూ ఎంతైనా పోట్లాడుకోవచ్చు. కానీ ఇద్దరికీ మనసొప్పేది కాదు. ఆ గాలిపటాన్ని వాడు మళ్ళీ ఎగరేయలేదు.

ఇప్పుడు పసివాళ్ళ గుండెలు కూడా బాగుచేస్తున్నారు. ఆ పిల్లలు గెంతుతున్నారు, మారాం చేస్తున్నారు, వీపు మీద దెబ్బలూ తింటున్నారు. చల్లగా ఉండాలి. మొన్న ఇంటికొచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పాడైంది. తుడవబుద్ధి కాక గుమ్మంలో కూర్చుని పక్కింటి ఏడుపే వింటూ ఉండిపోయాను. మా చెల్లాయి గొంతెత్తి ఏడిస్తే ఎలా ఉండేదో నాకు తెలియదు. ఒక్కసారి వినాలని ఉంది.