మంచాల వరస

మాది శింగనమల దోవలో ఒక చిన్న ఊరు. మా నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. నాకు మూడేళ్లప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడింది. అప్పటినుంచి ఆ కాలు నాతోపాటు వచ్చేదే కానీ, నన్ను ఎక్కడికీ తీసుకుపోయేది కాదు. నా కోపానికి మాత్రం రెండు కాళ్లూ బాగానే ఉండేవి.

అరవైల్లో మా ఊరి ఆస్పత్రికి ప్రతి సోమవారం అనంతపురం నుంచి బస్సులో డాక్టరు వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాడు. ఎర్రనీళ్ల మందు పోయించుకోవడానికి సీసా మనమే తీసుకుపోవాలి. జనం పొద్దున్నే సీసాలను ఆస్పత్రి ముందు వరసగా పెట్టి పనులకు పోయేవారు. ఆముదం సీసా, సోడా సీసా, సిరాబుడ్డి, అన్నీ బుద్ధిగా నిలబడేవి. డాక్టరు వచ్చే వేళకు ఎవరి సీసా దగ్గరికి వాళ్లు చేరేవారు. ఒకరి సీసాను ఇంకొకరు జరపడం మా ఊళ్లో లేదు. గొర్రెను దొంగిలించేవాడు కూడా ఆ పని చేయడు. నాకిది ఎంత హాయో చెప్పలేను. నా బదులు మా ఆముదం సీసా నిలబడేది. దానికి కాళ్ల బాధ లేదు.

ఇంతలో కొత్త డాక్టరొచ్చాడు. కోస్తా మనిషి, కుర్రవాడు, న్యాయమంటే ప్రాణం పెడతాడు. మొదటిరోజే వరసలో ముందున్న పదకొండు సీసాలూ మా ఊరి పెద్దరైతువేనని కనిపెట్టి మండిపడ్డాడు.

"జ్వరం మనుషులకా, సీసాలకా? వచ్చేవారం నుంచి రోగి స్వయంగా రావాలి. ముందొచ్చిన వాళ్లకు ముందు. మధ్యలో వరస వదిలితే మళ్లీ చివరికే!"

ఊరంతా భలే న్యాయమని మెచ్చుకుంది. సిగ్గులేకుండా నేనూ మెచ్చుకున్నాను.

ఆ వారమే, కాలు ఈడ్చి ఈడ్చి నా మడమ మీద పుండు లేచింది. కాంపౌండరు చూసి, "దీనికి డాక్టరు కత్తి పెట్టాల. చీము ఎముకకు దిగితే కాలు తీసేస్తారమ్మా," అన్నాడు. సోమవారం కొంగలా ఒంటికాలిమీద నిలబడ్డాను. నా ముందు ఇంకా ఆరుగురు ఉండగా కళ్లు తిరిగి పడ్డాను. లేచేసరికి నా చోటు పోయింది. న్యాయం ప్రకారం చివరికి పోయి నిలబడ్డాను. నా వంతు రాకముందే డాక్టరు బస్సు వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. నడవని కాలే అయినా, అది నా కాలు.

ఏడుపు అయ్యాక కోపమొచ్చింది. "నాయనా, రోగి రావాలన్నాడు కదా. మంచంతో సహా వస్తే కాదంటాడా?" అన్నాను.

మరుసటి సోమవారం తెల్లవారగానే నులకమంచం మీద కొత్త పరుపు పరిచి, నన్ను దానిమీద పడుకోబెట్టి, నలుగురు మోసుకుపోయి వరసలో దించారు. అది చూసి కళ్లు కనపడని ఒక అవ్వ, "నా మంచం కూడా తేండప్పా," అంది. నెలలు నిండిన కోడలొకామె వెంటనే కబురు పెట్టింది. ఆ తర్వాత నడుం నొప్పివాళ్లు, పంటి నొప్పివాళ్లు, ఏ నొప్పీ లేకున్నా పడుకోవడం ఇష్టమున్నవాళ్లు, అందరూ మంచాలు తెచ్చారు. ఆస్పత్రి ముంగిలి చాలక వరస రోడ్డెక్కింది. ఎవరిదో మేక ఒక మంచమెక్కి పడుకుంది. దానిదీ వంతేనని ఎవరూ దించలేదు. నా పరుపు నొక్కి చూసినవాళ్లతో మా నాయన అక్కడే బేరాలు మొదలుపెట్టాడు.

నా పక్కమంచం పెద్దరైతుది. ఆయనకు ఒక కన్ను ఏనాడో పోయింది. ఆ కంట్లో మందుచుక్కలు వేయించుకోవడానికి వారంవారం వస్తాడు. చుట్ట వెలిగించి, వెల్లకిలా పడుకునే పంచాయితీ మొదలుపెట్టాడు.

"ఏమ్మే, నాకంటే ముందు నువ్వేంది? నేను పదిమందికి కూలి పని చూపించేవాణ్ణి. నీ కాలు ఎట్లా పనికిరాని కాలే. ఉంటే ఏమి, పోతే ఏమి? మందనేది పనికొచ్చే చోట పొయ్యాల."

అవతలి మంచాలవాళ్లు కొందరు అవునన్నారు. మంచం మీదే లేచి కూర్చున్నాను.

"అట్లయితే పెద్దనాయనా, నీ గుడ్డికంటికి చుక్కలెందుకు?"

"మండతాంది మే! చూపు పోతే మంట కూడా పోతాదా?"

"నా కాలికీ నడకే లేదు. నొప్పుండాది."

ఆయన చుట్ట నోట్లోంచి తీసి, ఉన్న ఒక్క కంటితో నా మడమవైపు చూశాడు. అప్పుడే అనంతపురం బస్సు వచ్చి మంచాల ముందు ఆగింది. ఇన్ని మంచాలను చూసి డ్రైవరు తలగుడ్డ తీసేసి, "ఎవరు పోయినారప్పా?" అని మెల్లగా అడిగాడు.

"ఎవరూ పోలేదు. డాక్టరు చెప్పినట్టే రోగులు స్వయంగా వచ్చినారు," అన్నాడు కాంపౌండరు.

డాక్టరు బస్సు దిగి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. మేక దగ్గర కొంచెంసేపు ఆగాడు. నవ్వాలా, కోప్పడాలా తేలక ముఖం ఎర్రబడింది. చివరికి పెట్టె చంకన పెట్టుకుని, మంచాల మధ్య తనే నడుస్తూ, "అందరికంటే ఎక్కువ బాధ ఎవరికి?" అని అడిగాడు. అందరూ తమకేనన్నారు.

పెద్దరైతు ఒక్కడే ముక్కు మూసుకుని నావైపు చెయ్యి చూపించాడు. "ముందు ఈ పాపది చూడు సామీ. కంపుకు ఈడ తట్టుకోలేక చస్తాండా."

డాక్టరు రోడ్డుమీదే మోకాళ్లమీద కూర్చుని పుండు కోసి చీము తీశాడు. నేను పెట్టిన కేకలకు మేక దిగి పారిపోయింది. పెద్దరైతు పక్కమంచం మీదినుంచి నా చెయ్యి పట్టుకుని, అయిపోయేదాకా వదల్లేదు. మళ్లీ కంపు అని కూడా అనలేదు.

కాలు దక్కింది. అది ఆ తర్వాత కూడా ఒక్క అడుగు వెయ్యలేదు, ఇప్పటికీ అంతే. వానొచ్చే ముందు మాత్రం లాగుతుంది. మా ఊళ్లో వానలే లేవు కాబట్టి దానికి ఆ పని కూడా పెద్దగా లేదు. కాళ్లకు ఆముదం రాసుకునేటప్పుడు మాత్రం ముందు దానికే రాస్తాను.