మావయ్య మూలుగ

ఆదివారం చర్చి అయ్యాక వేటమాంసం ఉడకని ఇల్లు మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉందంటే, ఆ ఇంట్లో ఎవరికో జ్వరమన్నమాట. మా ఇంట్లో మూలుగ ఎముక మాత్రం మావయ్యదే. వర్క్‌షాప్‌లో ఫిట్టరు, ఇంజిన్ చక్రాలతో కుస్తీ పట్టే మనిషి. సూది చూస్తే మాత్రం ముందు చెమట, తర్వాత దేవుడి పేరు. ఎముకని కంచం అంచుకి టకటకా కొట్టి ఆయన జుర్రితే పక్క క్వార్టర్‌కి వినపడేది.

తొంభైల్లో నేను కలకత్తాలో ఒక ల్యాబ్‌లో కుదిరినాను. రోజూ లోకల్ రైల్లో పోయి వచ్చేదాన్ని. పని ఏటంటే, మనిషి మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి, వాటిని సీసాలో పెంచడం. అలా పెంచగలిగితే, రక్తం ఊరడం మానేసిన రోగులకి ఎప్పటికైనా ఎక్కించొచ్చని ఆశ. దుర్గాపూజ సెలవుల్లోగా ఒక్క సీసా అయినా నిలబెట్టకపోతే వేరే పని చూసుకోమని మా ల్యాబ్ పెద్ద దీదీ చెప్పేసింది. విత్తనానికి ఆరోగ్యంగా ఉన్నోళ్ల మూలుగ కావాలి. ఇచ్చేవాడేడీ?

ఆదివారం భోజనాల దగ్గర అడిగినాను. అందరూ కంచాల్లోకి చూసినారు. నేను ఊరుకుంటానా? ఇన్నేళ్లూ ఇంటి మూలుగంతా ఎవరు తిన్నారో వాళ్ల దగ్గరే కదా నిల్వ ఉంటుందన్నాను. అమ్మమ్మ అవునని తలూపింది. మావయ్యకి పొలమారింది.

కాదంటే పరువు పోతుందని ల్యాబ్‌కి వచ్చినాడు. డాక్టరు తుంటి ఎముకలోంచి రెండు చెంచాలంత తీసినాడు. మత్తిచ్చినా సరే, మావయ్య తెలుగు, హిందీ, బెంగాలీ మూడింట్లోనూ ప్రార్థన చేసినాడు. అసలు వైభోగం ఇంటికొచ్చాక. తీసింది మళ్లీ ఊరాలి కదా అని, ప్రతి ఆదివారం మా క్వార్టర్ల లైనంతా మూలుగ ఎముకలు గిన్నెల్లో పెట్టి పంపేది. ఒళ్లే దాన్ని ఊరించుకుంటుందని నేను మొత్తుకుంటే, దానం చేసినోడి కూడు చెడగొట్టొద్దని కసిరినాడు. కుంటడం కూడా ఆదివారాలే.

సీసా అడుగున ముందు ఒక పొర పరుచుకుంది. దాని మీద కణాలు గుంపులు కట్టినాయి. వారానికోసారి పాత ద్రవం సగం తీసి కొత్తది పోసేదాన్ని. స్టేషన్ నుంచి నేను సైకిల్ మీద వచ్చేసరికి మావయ్య గుమ్మంలో నిలబడి, తన పిల్లలెలా ఉన్నారని అడిగేవాడు. ఆ ప్రశ్న కోసమే నేను గట్టిగా తొక్కేదాన్ని.

ఒకరోజు చూద్దును కదా, సీసాలో తెల్లటి బూజు. ఆవకాయ జాడీలో తడి గరిటె తగిలినట్టే, ఎక్కణ్ణుంచి దూరిందో ఏమో, అన్నీ పోయినాయి. పూజ సెలవులకి ఇంకా టైముంది గానీ, సూదంటే వణికే మనిషిని మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడగను? ఆదివారం కంచం ముందు ఏడుపొచ్చేసింది. బూజు సంగతి చెప్పేసినాను.

 మావయ్య తన ఎముక తీసి నా కంచంలో వేసినాడు.

"నువ్వు తిను. పెంచే సేతికి బలముండాల. రేపు లోకల్‌కి నేనూ వస్తాను. ఈపాలి ఎడం పక్క తియ్యమను."

నా కళ్లు తుడుచుకుని ఎముక నోట్లో పెట్టుకోబోయినాను. మావయ్య చెయ్యి అడ్డం పెట్టినాడు.

"సగమేనే. రేపు ఇవ్వడానికి నా దగ్గరా ఉండాలి కదా."