కాగితం దాటిన గీత

ఎనభైల మొదట్లో మాట. సామర్లకోట స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని నా థీసిస్ చివరి అధ్యాయం సరిచూసుకుంటున్నాను. కరెంటు లైను తెగినప్పుడు ఊగిసలాడే జనరేటర్‌ను తిరిగి నిలకడకు తేవడం ఎలాగన్నదే నా విషయం. మా గైడుగారు బాగుందన్నారు. వారంలో ఇచ్చెయ్యాలి.

పక్కనున్న పెద్దాయన నా గ్రాఫు చూసి, "జనరేటర్ ఊపేనాండి ఇది?" అన్నారు. ఏదో పవర్‌హౌసులో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేశారట.

అవునన్నాను. లెక్క తేలికగా ఉంటుందని చిన్న ఊపుల వరకే తీసుకున్నానని, పెద్దవి అరుదని చెప్పాను.

ఆయన నా పెన్సిలు అడిగి తీసుకున్నారు. నా గీత చివర మొదలుపెట్టి పైకి గీసుకుంటూ పోయారు. కాగితం అంచు దాటి బెంచీ చెక్క మీద కూడా గీశారు.

"గాలివాన రోజు మా మిషను ఇక్కడిదాకా వెళ్లిందండి. జిల్లా అంతా చీకటైపోయింది. చిన్న ఊపులు మేమే ఎలాగో సర్దుకుంటామమ్మా. మీ చదువు కావలసింది దీనికి."

ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇంతలో ఆయన బండి వచ్చింది. పెన్సిలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు.

మర్నాడు గైడుగారితో, "ఇప్పుడే ఇవ్వనండి. పెద్ద ఊపుకి కూడా నిలబడే పద్ధతి కనిపెట్టాలి," అన్నాను.

"నీ ఫెలోషిప్పు అయిపోతోంది కదమ్మా, ఎలా గడుపుతావు?"

"ట్యూషన్లు చెప్పుకుంటానండి."

ఆ లెక్క తేలడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ కాకినాడలో పిల్లలకు ఎక్కాలు చెప్పాను.