గది మూయించిన అర్జీ

మా లైబ్రరీలో కంప్యూటర్ గది చూసుకునే ఆవిడ పోయిన వారం చనిపోయింది. చిలకలగూడలో కూరలమ్మే ముసలమ్మ నన్ను ఆపి చెప్పింది. "అక్క పోయింది సార్. పొద్దుగాల లేవనే లేదంట." ఆ మాట వినగానే, దుఃఖం కన్నా ముందు నా మీద నాకే రోత పుట్టింది. ఎందుకో చెప్పకుండా ఆవిడ గురించి మంచి మాటలు రాయలేను.

పుస్తకాలు అందించే పనిలో చేరిన మనిషి ఆవిడ. లైబ్రరీకి నాలుగు కంప్యూటర్లు, ఉచిత ఇంటర్నెట్ వచ్చినప్పుడు పైవాళ్లంతా ముట్టుకోవడానికే జంకారు. ఆవిడ కూర్చుని నేర్చుకుంది. తర్వాత ఎవరొచ్చినా నేర్పింది. పింఛను దరఖాస్తు పెట్టుకునే ముసలివాళ్లు, హాల్‌టికెట్ల కోసం అమ్మాయిలు, ఇంట్లో నెట్ పెట్టించుకోలేని ఆడవాళ్లు వచ్చేవారు. మౌస్ మాత్రం వాళ్ల చేతికే ఇచ్చేది. "నేను నొక్కితే నాకొస్తది పెద్దమ్మా. నువ్వు నొక్కు. ఖరాబైతే నేను చూసుకుంట" అనేది. వాళ్లు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు గోడవైపు తిరిగి నిలబడేది.

పక్క హాల్లో పేపర్లు చదువుకునే మాలాంటి రిటైరైన వాళ్లకు ఇది గిట్టలేదు. గుమ్మంలో చెప్పుల గుట్ట, గలగల మాటలు. చేపలమ్మి నేరుగా వచ్చే ఒకామెను చూసి మావాళ్లు ముక్కు మూసుకునేవారు. పై ఆఫీసుకు అర్జీ పెడదామన్నారు. ఆఫీసు భాష బాగా వచ్చునని నన్ను రాయమన్నారు. రాశాను. 'పఠన వాతావరణానికి భంగం కలిగించు అవాంఛనీయ వ్యక్తుల రాకపోకలు' అన్న ముక్క నాదే. రాశాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే కుళ్లిన పండు కొరికినట్టు ఉంటుంది.

గదికి తాళం పడింది. జనం రోడ్డవతలి నెట్ షాపుకు పోయారు. కూరలమ్మే ముసలమ్మ ఫారంలో ఆ షాపువాడు తన ఫోన్ నంబరే ఎక్కించుకున్నాడు. మెసేజీలన్నీ వాడికే పోయేవి కనుక, తన పింఛను ఆగిందన్న సంగతి ఆమెకు తెలియడానికే నెలలు పట్టింది. లైబ్రరీ ఆవిడే సెలవు పెట్టి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసులు తిరిగి నంబర్ మార్పించింది. మేమంతా ప్రశాంతంగా పేపర్లు చదువుకున్నాం.

కొన్నాళ్లకు నా పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చింది. నాకు ఫోన్లో ఏదీ చేతకాదు. సిగ్గు లేకుండా ఆవిడ దగ్గరికే వెళ్లాను. గది లేదు కనుక బయట మెట్ల మీద కూర్చోబెట్టి నా ఫోన్ నా చేతిలోనే ఉంచి చెప్పసాగింది. ఉండబట్టలేక, ఆ అర్జీ నేనే రాశానన్నాను.

"ఎరుకనే సార్. నాకు చూపించిండ్రు. భాష మస్తుగుంది, మీదే అనుకున్న."

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు.

"జెర ఫోన్ పైకి పట్టుండ్రి. ఇగ కండ్లార్పుండ్రి సార్."

నేను కళ్లార్పాను. బతికే ఉన్నానని ఫోన్ ఒప్పుకుంది. ఆ తర్వాత ఆవిడకే ఎక్కువ కాలం మిగల్లేదు.

మొన్న హాల్లో సంతాపసభ పెట్టారు. గదికి తాళం వేయించిన అధికారి దండ వేసి, పేదల సేవకు అంకితమైన జీవితం అన్నాడు. ముక్కు మూసుకున్నవాళ్లే చప్పట్లు కొట్టారు. నన్ను మాట్లాడమంటే, ఇంట్లో దాచుకున్న అర్జీ నకలు జేబులోంచి తీసి మొత్తం చదివాను. కింద ఎవరెవరి సంతకాలున్నాయో కూడా, నా పేరుతో మొదలుపెట్టి చదివాను.

అధికారి ఫోన్ చూసుకున్నాడు. "పోయిన మనిషి ముంగట గివన్నీ ఎందుకు సార్" అని వెనకనుంచి ఒకాయన అన్నాడు. అంతలో సమోసాలొచ్చాయి.

తిన్న ప్లేట్లు పెట్టడానికి చోటు కావాలని ఎవరో కంప్యూటర్ గది తాళం తీశారు. అన్నాళ్లకు అది తెరుచుకున్నది అందుకు. అందరూ వెళ్లిపోయాక లోపలికి వెళ్లాను. కూరలమ్మే ముసలమ్మ కీబోర్డుల మీది ఎంగిలి ప్లేట్లు ఒక్కొక్కటే తీసి కింద పెడుతోంది. కారిన చట్నీ కోసం అక్షరాల మధ్యలోంచి చీమలు బారులు తీరి పైకి వస్తున్నాయి.