ఓనరు పేరు మీద ఉల్లాకు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మేమున్న కిరాయి ఇంటి ఓనరుకు మా బాపమ్మ వేడి వేడి సర్వప్ప, అదే బియ్యప్పిండి రొట్టె, పెట్టి కోపం చల్లార్చిందని మా చుట్టాల్లో ఒక కథ ఉంది. ఏ పెళ్లిలో నలుగురు కూడినా మా చిన్నాయన అందుకుంటాడు. "ఒక్క ముక్క నోట్ల పెట్టుకున్నడో లేదో, మనిషి కరిగిపోయిండు" అంటాడు. ఆయన ఆ రోజు ఇంట్లోనే లేడు. నేనున్నాను. బాల్కనీ గడప మీద కూర్చుని అంతా చూశాను. సర్వప్ప సంగతి ఆ తర్వాతది. పెద్దవాళ్లు చెప్పారు కదా అని తప్పుకు తలూపడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

మేముండేది పైన. కింద ఓనరు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా ఊళ్లో అలాగే అంటారు. పొద్దంతా వాటి చప్పుడుకు మా వంటింటి గిన్నెలు సన్నగా వణికేవి. మా బాల్కనీ ఎంత ఇరుకంటే, మనిషి పక్కకు తిరిగితేనే పట్టేది. బాపమ్మ ఖాళీ నూనె డబ్బాలను సగానికి కోయించి, ఎర్రమట్టి నింపి, దాని పొడుగునా వరుసగా పెట్టింది. పుదీన, కొత్తిమీర, మెంతి, మిరప, టమాట. అమ్మ బీడీలు చుట్టడం ఆపి లేచేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతుండేది. బాపమ్మ చేయి చాపి, ఏది అందితే అది తుంచి అందులో వేసేది. ఆ పూటకు కూర అదే. ఇప్పటి వంటల వీడియోల వాళ్లయితే దానికేదో పెద్ద పేరు పెడతారు. మేము పప్పు అనేవాళ్లం.

చివరి డబ్బా నాది. మొలకెత్తిన ఉల్లిగడ్డలు నేనే గుచ్చాను. ఉల్లాకు జానెడు ఎదిగితే దాంతో సర్వప్ప చేస్తానని, మొదటిది నాకే పెడతానని బాపమ్మ మాటిచ్చింది. బడికి పోయేముందు నీళ్లు, వచ్చాక నీళ్లు. ఆ పైన జాన పెట్టి కొలవడం. నా జాన చెల్లదని, తన జానే లెక్కని బాపమ్మ అనేది. దాని మీద మా ఇద్దరికీ రోజూ తగాదా.

ఆ నీళ్లే కొంప ముంచాయి. డబ్బాల అడుగు బొక్కల్లోంచి ఎర్రనీళ్లు కారి, కింద వాకిట్లో ఆరేసిన తెల్ల నూలు చిలపల మీద, అంటే నూలు కట్టల మీద పడ్డాయి. మచ్చపడ్డ నూలు దేనికి పనికొస్తుంది? ఓనరు ఒక చిలపను చేత్తో పట్టుకునే మెట్లెక్కి వచ్చాడు.

"గిదేందవ్వా? రేపు పొద్దటికల్ల గీ డబ్బాలు లేవాలె. లేకుంటే నేనే వాకిట్ల పారేస్త."

నేను చివరి డబ్బా వైపు చూశాను. ఉల్లాకు అప్పటికి నా జానను దాటింది, బాపమ్మ జానకు ఇంకా అందలేదు.

బాపమ్మ నూలును వెలుగుకు పెట్టి చూసింది. "నిజమే కొడుకా, ఖరాబైంది. నేను ఉతికిస్త. మా డబ్బాలు మేం తీస్తం. గీ చివరిది మాత్రం నువ్వే తీసుకపో. గది నీది."

"నాదేంది?"

"నీదే. నీకు ఉల్లాకంటే పానమని మీ అమ్మ చెప్పేది. నీ పేరు మీదనే పెట్టిన."

నేను నోరు తెరిచాను. బాపమ్మ మడమ నా కాలివేళ్ల మీద పడింది. నోరు మూశాను.

ఓనరు వంగి, ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి కిందికీ పైకీ జరిపాడు, సాంచె మీద పోగును చూసినట్టే. చూసి చూసి ముఖం చిట్లించాడు.

"గింత సన్నగున్నదేందవ్వా? నీళ్లు పోస్తలేరా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. బాపమ్మ మాత్రం నవ్వలేదు. "పోస్తే నీ నూలు మీద పడుతది గదా. ఎట్ల పొయ్యాలె, నువ్వే చెప్పు" అంది.

మర్నాడు డబ్బాలు లేవలేదు, రేకు వచ్చింది. ఓనరే దాని అంచులు వంపించి డబ్బాల కింద పరిపించాడు. కారిన నీళ్లన్నీ ఆ చివర బకెట్లో పడేవి. ఆనాటి నుంచి రోజూ పొద్దున సాంచాలు మొదలు కాకముందే కింది నుంచి కేక వినిపించేది: "అవ్వా, నా డబ్బకు నీళ్లు పోసిండ్రా?"

కాబట్టి రేకు ముందు, సర్వప్ప తర్వాత. మా చిన్నాయన ఇది చదివితే బాగుండు.

ఇక నా యుద్ధం నాది. ఆ రోజు ఓనరు మెట్లు దిగగానే బాపమ్మ మీద పడ్డాను. "నా డబ్బ ఎందుకిచ్చినవ్? మిరపచెట్టు ఇయ్యరాదా?"

"డబ్బ ఇయ్యలే బిడ్డా, పేరిచ్చిన. నీళ్లు పోసేది నువ్వే, కోసేది నువ్వే."

"నేను పొయ్య."

"పొయ్యకు మరి" అని చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.

నేనూ బిగుసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆకులు వాలినట్టు కనిపించాయి. నిజంగా వాలాయో లేదో తెలియదు. చెంబు తీసుకుని లేచాను. బాపమ్మ తలెత్తలేదు.

ఉల్లాకు ఆమె జానకు వచ్చిన రోజు సర్వప్ప అయింది. మొదటిది నాకే పెట్టింది, మాట తప్పలేదు. రెండోది కిందికి పంపింది. "నా ఉల్లాకు గదా, గందుకే గింత రుచి" అన్నాడట ఓనరు. నీళ్లు మోసింది నేను, రుచి ఆయనది. మా చుట్టాల కథ సరిగ్గా ఆ ముక్క దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఒక ఫ్లాటులో ఉంటున్నాను. నా బాల్కనీ నీళ్లు తన బట్టల మీద పడుతున్నాయని కింది ఫ్లాటు పెద్దాయన తగాదాకు వస్తే, ఆ పుదీన తొట్టి మీదేనండీ అన్నాను. నేను ఊరికి పోతే ఇప్పుడు తాళంచెవి అడిగి తీసుకుని నీళ్లు పోసేది ఆయనే. మా బిడ్డ దీన్ని మోసం అంటుంది. మోసమైతే ఆ పుదీన వాళ్లింట్లో పచ్చడి ఎట్లా అవుతుందని నేనడుగుతాను. ఏ ఇంట్లో ఉన్నా నా దగ్గర ఒక తొట్టి ఇంకొకరి పేరు మీద పెరుగుతుంది. ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఇదే.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. అడుగుదామంటే బాపమ్మ లేదు. అన్ని డబ్బాలుండగా ఆమె వేలు నా డబ్బా మీదికే ఎందుకు పోయింది? ఓనరుకు నిజంగానే ఉల్లాకంటే ప్రాణమనా, లేక ఎంత కోపమొచ్చినా నేను నీళ్లు పోయడం మాననని ఆమెకు ముందే తెలిసా?