చెవి చెప్పిన జతలు

ఇంగ్లీషులో ప్రాసపదాలంటే స్పెల్లింగులో చివరి అక్షరాలు ఒకేలా ఉండే మాటలని నాకు నేర్పింది మా నాన్న. ఆయన ఆదోనిలో ప్రైమరీ బడి పంతులు. సాయంత్రాలు మా ఇంటి నాపరాళ్ల అరుగు మీద వీధి పిల్లలను కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు చెప్పేవాడు. నోటుబుక్కులో నిలువుగా మూడు గళ్లు గీయించేవాడు. మొదటి దాంట్లో మాట, రెండో దాంట్లో దాని జత, మూడో దాంట్లో రెండింటి అర్థాలు. కమ్, హోమ్: రా, ఇల్లు. పుట్, కట్: పెట్టు, కోయి. పత్తి సీజన్లో జిన్నింగు ఫ్యాక్టరీల నుంచి దూదిపింజలు ఎగిరొచ్చి తడి సిరాకు అంటుకునేవి. వాటిని ఊదుకుంటూ రాసేదాన్ని.

ఆరో తరగతిలో ఒకసారి అడిగాను. "నాన్నా, పుట్, కట్ కలవడం లేదు కదా?"

"నోటితో అనడం కాదు, రాసి సూడు. యు, టి. ఇందులోనూ యు, టి. కలిసినాయా లేదా?" అన్నాడు.

రాస్తే కలిశాయి. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆయన్ని తప్పుపట్టను. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న మనిషి మాట్లాడితే ఆయన ఒక్కసారి కూడా వినలేదు. పుస్తకంలో చూశాడు, నమ్మాడు, నమ్మింది చెప్పాడు. తప్పు చేసింది నేను.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో ఆడపిల్లల హైస్కూల్లో నాకు ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. రోజూ ఆదోని నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. కొత్త ఉద్యోగం, కొత్త చీరలు, నాకు తెలియనిది లేదన్న ధీమా.

తొమ్మిదో తరగతిలో ఒక చేనేతవాళ్ల అమ్మాయి ఉండేది. బడికి వచ్చే ముందు ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టి వచ్చేది కాబట్టి వేళ్ల సందుల్లో నూలు రంగు ఎప్పుడూ కనిపించేది. అందరికన్నా ముందు చేయి ఎత్తేది. నేను ఒక మాట పలికితే, చెప్పమనకుండానే అదే మాట మెల్లగా తనలో తాను పలుక్కునేది. ఆ పెదవుల కదలిక చూసి, పాఠం వినకుండా కబుర్లు చెబుతోందని రెండుసార్లు కసిరాను కూడా.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి పోటీలు పెట్టారు. నా వంతు ఇంగ్లీషు. పావుగంటలో ఎన్ని ప్రాసజతలు అర్థాలతో సహా రాయగలిగితే అన్ని రాయాలి. గెలిచిన పిల్లకు డిక్షనరీ.

ఆ నేతవాళ్ల అమ్మాయి రెండు పేజీలు నింపింది. టూ, షూ, బ్లూ, త్రూ. ఫోర్, డోర్, మోర్. ఎయిట్, లేట్, గ్రేట్. అర్థాలు కూడా సొంతంగానే రాసింది. త్రూ అనే మాటకు 'సందులోనుంచి దూసుకుపోయేది' అని రాసింది. నేను స్పెల్లింగుల్లో చివరి అక్షరాలు చూశాను. టూకి డబ్ల్యు, ఓ; షూకి ఓ, ఇ; త్రూకి జి, హెచ్. ఏ రెండూ కలవలేదు. ఎర్రసిరాతో ఒక్కొక్కటే కొట్టేశాను. కమ్, హోమ్ రాసిన ఇంకో అమ్మాయికి డిక్షనరీ ఇప్పించాను.

మరుసటి రోజు క్లాసులో ఆమె లేచి నిలబడింది. "టీచర్, నావి యాడ తప్పినాయి?"

"అన్నీ తప్పే. ఎవరు నేర్పారు నీకు?"

"మా నాయన మగ్గం కాడ రేడియో పెట్టుకుంటాడు టీచర్. క్రికెట్టు ఇంగ్లీషులో సెప్తారు. ఆడ ఇన్నాను. టూ, త్రూ ఒకే మాదిరి ఇనపడతాయి. మీరు ఒకసారి అని సూడండి."

మీరు అని చూడండి అన్న మాట నాకు గుచ్చుకుంది. "మగ్గం చప్పుడు, రేడియో మాటలు వింటూ రాస్తే ఇంగ్లీషు రాదమ్మా. పుస్తకం చూసి రాయాలి. కూర్చో" అన్నాను.

క్లాసంతా నవ్వింది. నేను ఆపలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీల నుంచి మగ్గం ఆడినట్టు టకటకమని బల్లల మీద వేళ్లతో కొట్టేవాళ్లు. అదీ విన్నాను. విననట్టే బోర్డు వైపు తిరిగాను. నెల తిరిగేసరికి ఆమె చేయి ఎత్తడం మానేసింది. పెదవులు కదలడం కూడా మానేశాయి. మరుసటి ఏడాది పదో తరగతి పరీక్షల్లో ఒక్క ఇంగ్లీషులోనే తప్పింది.

ఆ వేసవిలోనే టీచర్లకు కర్నూల్లో వారం రోజుల ట్రైనింగు పెట్టారు. చెప్పడానికి వచ్చినావిడ బాగా పెద్దామె. అందరినీ కళ్లు మూసుకోమంది. "నేను రెండు మాటలు అంటాను. చివర ఒకేలా వినిపిస్తే చేయి ఎత్తండి" అంది. ముందు కమ్, హోమ్ అంది. నేను మనసులో స్పెల్లింగు చూసుకుని చేయి ఎత్తాను. కళ్లు తెరిచి చూస్తే గదిలో చేయి ఎత్తింది నేనూ ఇంకొకాయనా. తర్వాత టూ, షూ, త్రూ అంది. అందరి చేతులూ లేచాయి.

"ప్రాస చెవికి సంబంధించింది. కంటితో వెతక్కండి" అందామె, నా వైపు చూడకుండానే.

ఆ రెండు పేజీలు, వాటి మీద నా ఎర్రగీతలు కళ్ల ముందు ఆడాయి. వారం ఎప్పుడైపోతుందా అని చూసి, తిరిగి రాగానే ఎమ్మిగనూరు నేతవాళ్ల వీధికి వెళ్లాను.

ఆ అమ్మాయి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వాళ్ల నాన్న మగ్గం గుంటలోంచే పలకరించాడు. "రాండి టీచరమ్మా, కూసోండి. పాప ఏమన్న తప్పు సేసినాదా?"

"లేదండీ. తప్పు నాది." ఆమె వైపు తిరిగి చెప్పాను. "ఆ రోజు నువ్వు రాసినవన్నీ రైటు. నాకే తెలియలేదు."

ఆమె రాట్నం ఆపలేదు. "నాకు అప్పుడే తెలుసు టీచర్. ఇప్పుడు ఈడ సెప్తే ఏమొస్తాది? క్లాసులో నవ్వినోళ్లంతా ఎళ్లిపోయినారు."

వాళ్ల నాన్న దారం దూర్చే నాడె ఆడించడం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "రేడియో ఇని ఇంగ్లీషు సెడిపోతాందని మీరు అన్నారని, పాప ఇంట్లో ఉన్నప్పుడు రేడియో పెట్టడం మానేసినా టీచరమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. జరిగింది చెప్పాడంతే.

తప్పినవాళ్లకు మళ్లీ పెట్టే సెప్టెంబరు పరీక్షకు నేనే చదివిస్తానన్నాను. బడి అయ్యాక ఖాళీ క్లాసురూములో కూర్చునేవాళ్లం. ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. చెప్పింది చెప్పినట్టు రాసేది. కానీ ప్రతి మాటకూ పెన్ను ఆపి నా ముఖం చూసేది. "ఇది రైటేనా టీచర్?" తప్పు లేని మాటలకు కూడా అదే ప్రశ్న. గట్టిగా చదవమంటే లోపల్లోపలే చదువుకునేది. నువ్వు విన్నట్టే అను, ఏం కాదు అని బతిమాలాను. తల ఊపేది, పుస్తకంలోకి వంగేది.

పరీక్ష పాసైంది. రిజల్టు వచ్చిన రోజు చిన్న పొట్లంలో పేడాలు తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఒకటి నోట్లో వేసుకుని, సరదాగా, లేని చనువు తెచ్చుకుని, "రెయిన్ అనే మాటకు నీ అంతట నువ్వు ఒక జత చెప్పు" అన్నాను.

ఆమె పెదవులు కదులుతాయేమో అనిపించింది కానీ, కదల్లేదు.

"మీరు ఏది సెప్తే అదే టీచర్" అంది.

పొట్లం బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి వెళ్లిపోయింది. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.